ర్యామ్ పెంచాక సిస్టం ఎందుకు మూలిగింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. బూట్ అయ్యేటప్పుడు తెర మీద గబగబా పరుగెత్తే అక్షరాల గురించి. వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు, ప్రింటర్ ఇంకు ఎండిపోయినవాళ్లు వచ్చే నెలదాకా ఓపిక పట్టాలి. కావలి నుంచి వచ్చిన ఉత్తరం పెద్దది, దానికి నా జవాబు ఇంకా పెద్దది. టీ పెట్టుకుని కూర్చోండి.

ప్రశ్న: నేను కావలిలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. ఇంట్లో పాత కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్ ఉంది. 2 జీబీ ర్యామ్‌తో 64 బిట్ లినక్స్ మీద బాగానే నడిచేది. పిల్లల చదువుకు చాలడం లేదని 4 జీబీ స్టిక్కులు రెండు కొని 8 చేశాను. తీరా చూస్తే 7 చిల్లరే చూపించింది. బూట్ మెసేజుల్లో బయోస్ బగ్ అని, 768 ఎంబీ పోతోందని ఒక వార్నింగ్. దాని కింద సిస్టం పేలిపోయిందేమో అన్నట్టు పెద్ద చిట్టా. నెట్‌లో వెతికి, లినక్స్‌ను లేపే గ్రబ్ ప్రోగ్రాం ఫైల్‌లో ఒక ఆప్షన్ చేర్చాను. వార్నింగ్ మాయమైంది, 8 జీబీ పూర్తిగా వచ్చింది. అక్కడి నుంచీ మూలుగుడే. 50 సెకన్లలో లేచేది 12 నిమిషాలు తీసుకుంటోంది. మౌస్ జరిపితే బాణం కాసేపాగి జరుగుతోంది. ఒక షాపులో ర్యామ్ పోయిందన్నారు, ఇంకో షాపులో హార్డ్ డిస్క్ అన్నారు. ర్యామ్ టెస్టు రాత్రంతా నడిపాను, ఒక్క తప్పు లేదు. బూట్ మెసేజుల కాగితం జత చేస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మీ ర్యామ్ పోలేదు. హార్డ్ డిస్కూ పోలేదు. ఆ రెండు షాపుల్లో ఇంకో రూపాయి పెట్టొద్దు. మీరు చేర్చిన ఆ ఆప్షన్ ముందు తీసేయండి. రేపు పొద్దున లేచేసరికి మీ సిస్టం మళ్లీ 50 సెకన్లకు వస్తుంది. ఎందుకో తెలియాలంటే మిగతాది చదవండి.

ప్రాసెసర్ పక్కనే క్యాష్ అనే చిన్న మెమరీ ఉంటుంది. నోట్ల క్యాష్ కాదు, పలకడం మాత్రం అలాగే. మా నెల్లూరు సంతపేటలో ఒక కిరాణా కొట్టు ఉందనుకోండి, గోదాము స్టోన్‌హౌస్‌పేటలో ఉంది. కౌంటర్ మీద డబ్బాల్లో ఆవాలు, జీలకర్ర, కందిపప్పు కొంచెం కొంచెం పోసి ఉంచుతారు. ఎవరైనా వంద గ్రాముల ఆవాలు అడిగితే చేయి చాపి తీసిస్తారు. ఆ కౌంటరే క్యాష్, గోదాము ర్యామ్. దగ్గరి క్యాష్ నుంచి తేవడానికి ప్రాసెసర్‌కు నాలుగైదు క్లాక్ సైకిళ్లు చాలు. ర్యామ్ దాకా వెళ్లి రావడానికి 60 నుంచి 100 నానో సెకన్లు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది 200, 300 సైకిళ్ల కింద లెక్క. ఇప్పుడు ఆ కొట్టు ఓనరుకు ఎవరో ఒక రూలు పెట్టారనుకోండి: ఈ సరుకు కౌంటర్ మీద ఉంచకూడదు, ఎవరడిగినా ప్రతిసారీ గోదాముకు పోయి తేవాల్సిందే. వంద గ్రాముల ఆవాలకు ఒక ట్రిప్పు, ఇంకో వందకు ఇంకో ట్రిప్పు. మీ 8 జీబీలో 768 ఎంబీకి ఆ రూలు పడింది.

రూలు పెట్టేది ఎవరు? బయోస్, అంటే సిస్టం ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం. మెమరీలో ఏ ముక్కను క్యాష్ చేయొచ్చు, దేన్ని చేయకూడదు అని ప్రాసెసర్‌కు చెప్పడానికి కొన్ని రిజిస్టర్లున్నాయి. మెమరీ టైప్ రేంజ్ రిజిస్టర్లు అంటారు, పొట్టిగా ఎంటీఆర్‌ఆర్. ఇంటెల్ వీటిని 1995లో పెంటియం ప్రోతో తెచ్చింది. మీ కోర్ 2 డ్యుయోలో ఇలాంటి జతలు ఎనిమిది ఉంటాయి. ప్రతి జత ఒక ముక్కకు హద్దు రాయిలాంటిది: ఎక్కడ మొదలు, ఎంత సైజు, ఏ రకం. మామూలు ర్యామ్‌కు పెట్టాల్సిన రకం రైట్ బ్యాక్, అంటే పూర్తిగా క్యాష్ చేసుకోవచ్చని. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు లాంటివాటి అడ్రసులకు అన్‌క్యాషబుల్. ఏ రాయి కిందకీ రాని చోటు డిఫాల్ట్ రకం కిందకు పోతుంది. చాలా బోర్డుల్లో ఆ డిఫాల్ట్ అన్‌క్యాషబుల్. మీ కాగితంలో కూడా అదే ఉంది.

ఈ రాళ్లు పాతడానికి ఒక తిక్క రూలుంది. ముక్క సైజు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, అలా రెట్టింపవుతూ పోయే సంఖ్యే కావాలి. మొదలు కూడా ఆ సైజుకు గుణిజం అయ్యే చోటే ఉండాలి. మనవైపు స్థలాలు అంకణాల్లో కొంటాం కదా, 72 చదరపు అడుగులకు ఒక అంకణం. 13 అంకణాల ఫ్లాట్‌ను ఈ రూలు ప్రకారం రాయాలంటే ఒకే రాయితో కుదరదు. ఎనిమిది, నాలుగు, ఒకటి అని మూడు ముక్కలు చేయాలి. లేదా మొత్తం పదహారూ మనదే అని ఒక రాయి పాతి, చివర ఒక అంకణం ముక్క, రెండు అంకణాల ముక్క మనవి కావని దాని మీదే ఇంకో రెండు రాళ్లు పాతాలి. రెండు రాళ్లు ఒకే చోట పడితే అన్‌క్యాషబుల్‌దే గెలుపు. చాలా బయోస్‌లు ఈ రెండో పద్ధతిలో పోతాయి.

మీరు పంపిన కాగితంలో ప్రాక్ ఫోల్డర్‌లోని ఎంటీఆర్‌ఆర్ ఫైల్ లైన్లు మూడున్నాయి. మొదటిది సున్నా దగ్గర మొదలు, సైజు 8192 ఎంబీ, రైట్ బ్యాక్. రెండోది 3584 దగ్గర మొదలు, 512 ఎంబీ, అన్‌క్యాషబుల్. మూడోది 3328 దగ్గర మొదలు, 256 ఎంబీ, అన్‌క్యాషబుల్. చివరి రెండూ కలిపితే 3328 నుంచి 4096 దాకా 768 ఎంబీ ఖాళీ. ఆ ఖాళీ ఉండాల్సిందే, పీసీఐ కార్డుల అడ్రసులు 4 జీబీ కింద అక్కడే కూర్చుంటాయి. ఆ ఖాళీ కింద పడిన ర్యామ్ వృథా కాకుండా చిప్‌సెట్ దాన్ని ఎత్తి 8192 పైన పెడుతుంది. మెమరీ రీమ్యాప్ అంటే ఇదే. అందుకే మీ మెమరీ మ్యాప్‌లో వాడుకోదగ్గ చోటు 8192 దగ్గర ఆగలేదు, 8960 దాకా పోయింది. బయోస్-ఈ820 అని మొదలయ్యే లైన్లలో ఆఖరి యూజబుల్ చిరునామా చూడండి: రెండు రెండ్లు, వాటి వెనక ఏడు ఎఫ్‌లు. హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో, అది 8960 ఎంబీకి ఒక్క బైటు తక్కువ.

ఇప్పుడు వేళ్ల మీద లెక్కేయండి. ర్యామ్ 8960 దాకా ఉంది, హద్దు రాయి 8192 దగ్గరే ఆగింది. మధ్య 768 ఎంబీ దిక్కులేనిది. దాన్ని కప్పడానికి రెండు రాళ్లు చాలు: 8192 దగ్గర 512, 8704 దగ్గర 256. రెండూ రూలుకు సరిపోతాయి. ఎనిమిది రాళ్లలో బయోస్ మూడే వాడింది, ఐదు చేతిలోనే ఉన్నాయి. రాళ్లు చాలక వదిలిందంటే అర్థం చేసుకునేవాణ్ణి. ఇది మాత్రం శుద్ధ మతిమరుపు. రాసినాయన దగ్గర 8 జీబీ పెట్టి చూసేంత ర్యామ్ ఆ రోజు ఉందో లేదో!

2 జీబీ ఉన్నప్పుడు మీకీ బాధ రాలేదంటే కారణం అదే. 2 జీబీ ఆ ఖాళీకి చాలా కిందే ఆగిపోతుంది, ఎత్తి పైన పెట్టాల్సిందే లేదు.

ఇక కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, ఏం చేసిందో చూద్దాం. 2008లో వచ్చిన 2.6.25 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌కు ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఒక మంచి అలవాటుంది. బయోస్ ఇచ్చిన ర్యామ్ పట్టీని, ఎంటీఆర్‌ఆర్ రాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తుంది. రాళ్ల కిందకు రాని ర్యామ్‌ను నేను ముట్టుకోను అని కోసేస్తుంది. మీకు కనబడిన వార్నింగ్ అదే, పోయిన 768 ఎంబీ అదే. కింద వచ్చిన పెద్ద చిట్టా క్రాష్ కాదు. బయోస్ రాసినవాడి కంట పడాలని కెర్నెల్ కావాలని పెట్టే కేక. మీరు చేర్చిన ఆప్షన్ డిసేబుల్ ఎంటీఆర్‌ఆర్ ట్రిమ్. కోయొద్దు అని దానికి మీరు చెప్పారు. అది కోయడం మానేసింది, అరవడం కూడా మానేసింది. 768 ఎంబీ చేతికొచ్చింది, గోదాము రూలుతో సహా.

అయినా 8 జీబీలో 768 ఎంబీ అంటే పదో వంతు. పదో వంతు నెమ్మదైతే సిస్టం మొత్తం ఎందుకు మూలగాలి? నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చిన ముడి ఇదే. కెర్నెల్ లేచేటప్పుడు తనకు కావలసిన చోటును మామూలుగా ర్యామ్ పై చివర నుంచి కిందకు తీసుకుంటుంది. మొదట తీసుకునేవాటిలో దాని సొంత ఖాతా పుస్తకం ఉంటుంది. ర్యామ్‌ను 4 కేబీ ముక్కలుగా చూస్తుంది, ఒక్కో ముక్క ఒక పేజీ. ప్రతి పేజీకి 64 బైట్ల ఎంట్రీ. 8 జీబీకి ఇరవై లక్షల పైచిలుకు పేజీలు, పుస్తకం సైజు 128 ఎంబీ. ఏ పేజీ ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పేజీ టేబుళ్లు కూడా ఆ చుట్టుపక్కలే. అంటే ఆవాలు మాత్రమే గోదాములో లేవు, కొట్టు లెక్కల పుస్తకమే గోదాములో పెట్టారు. ఎవరు ఏం కొన్నా ముందు ఆ పుస్తకం తిరగేయాలి. మౌస్ కదలదంటే కదలదు మరి.

పేజీ టేబుల్‌లో రైట్ బ్యాక్ అని రాసి తప్పించుకోవచ్చు కదా అని మీ ఫిజిక్స్ కొలీగ్ ఎవరైనా అడగొచ్చు. చెల్లదు. ఎంటీఆర్‌ఆర్ అన్‌క్యాషబుల్ అంటే, పేజీ టేబుల్ ఎంత రైట్ బ్యాక్ అన్నా అది అన్‌క్యాషబులే.

నేను చెప్పింది నమ్మబుద్ధి కాకపోతే ఒక ప్రయోగం చేయండి, సరదాగా ఉంటుంది. ఆప్షన్ అలాగే ఉంచి బూట్ చేయండి, ఆ 12 నిమిషాలు భరించండి. తర్వాత రూట్‌గా లాగిన్ అయి, ఆ ఎంటీఆర్‌ఆర్ ఫైల్‌లోకే ఎకో కమాండుతో రెండు లైన్లు పంపండి. మొదటి లైన్లో మొదలు హెక్సాలో రెండు, వెనక ఎనిమిది సున్నాలు. సైజు హెక్సాలో రెండు, వెనక ఏడు సున్నాలు. రకం రైట్ బ్యాక్. అది 8192 దగ్గర 512 ఎంబీ. రెండో లైన్లో మొదలు రెండు రెండ్లు, వెనక ఏడు సున్నాలు. సైజు ఒకటి, వెనక ఏడు సున్నాలు. రకం మళ్లీ రైట్ బ్యాకే. అది 8704 దగ్గర 256. ప్రతి హెక్సా సంఖ్య ముందు సున్నా, ఎక్స్ మర్చిపోవద్దు. రెండో లైన్ ఎంటర్ కొట్టగానే సిస్టం మెడలో గుదిబండ తీసేసినట్టు లేస్తుంది. సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకోండి, తప్పు చోట రాయి పాతితే సిస్టం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. ముందు తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసుకోండి. ఇది పరీక్షకు మాత్రమే, రోజూ నడపడానికి కాదు.

రోజూ నడపడానికి నా సలహా: గ్రబ్ డిఫాల్ట్ ఫైల్‌లోంచి ఆ ఆప్షన్ తీసేసి, అప్‌డేట్ గ్రబ్ నడిపి, రీస్టార్ట్ చేయండి. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు కొత్త బయోస్ ఉందేమో చూడండి. ఉంటే, కరెంటు పోదని నమ్మకమున్న వేళ యూపీఎస్ మీద పెట్టి వేయండి. బయోస్ వేస్తుండగా కరెంటు పోతే బోర్డు చెత్తబుట్టకే. కొత్త బయోస్ లేదంటారా, 7 చిల్లర జీబీతో హాయిగా ఉండండి. 768 ఎంబీ కోసం సిస్టం మొత్తాన్ని మంచాన పడేసుకోవడం ఎందుకు, మాస్టారూ?

ప్రశ్న: నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో పెళ్లి ఆల్బమ్‌లు, వీడియోలు చేస్తాను. పాత సిస్టంలో వీడియో ఆగి ఆగి ఆడుతోంది. బూట్ మెసేజుల్లో ఇక ఎంటీఆర్‌ఆర్‌లు ఖాళీ లేవు అని వస్తోంది. ఎంటీఆర్‌ఆర్ క్లీనప్ పెట్టమని ఒక ఫ్రెండ్ అన్నాడు. పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు తమ్ముడూ, నీ జబ్బుకు అదే మందు. పై మాస్టారి జబ్బుకు మాత్రం కాదు. ఈ రెంటినీ కలిపేసి చెప్పేవాళ్లు చాలామంది.

వీడియో మెమరీకి రైట్ బ్యాక్ కుదరదు. అన్‌క్యాషబుల్ పెడితే నీరసం. మధ్యలో రైట్ కంబైనింగ్ అని ఒకటుంది. ఆత్మకూరు బస్టాండ్ దగ్గర సర్వీసు ఆటోలు చూశావు కదా. ఒక్క మనిషి ఎక్కగానే బయల్దేరడు, సీట్లు నిండాకే కదులుతాడు. రైట్ కంబైనింగ్ కూడా అంతే. రాయాల్సిన బైట్లను 64 అయ్యేదాకా పోగేసి ఒక్క ట్రిప్పులో తోలేస్తుంది. అన్‌క్యాషబుల్ అంటే ఒక్కో మనిషికీ ఒక్కో ఆటో. పాత గ్రాఫిక్స్ డ్రైవర్ తన మెమరీకి రైట్ కంబైనింగ్ రాయి ఒకటి పాతాలని చూస్తుంది. నీ బయోస్ ఎనిమిదీ వాడేసింది. డ్రైవర్ వట్టి చేతులతో వెనక్కొచ్చింది.

క్లీనప్ అంటే, ఉన్న రాళ్లన్నీ పీకి, అదే స్థలాన్ని తక్కువ రాళ్లతో మళ్లీ కొలిచి పాతడం. కప్పని ర్యామ్‌ను కొత్తగా కప్పదు. 2008లోనే 2.6.27 కెర్నెల్‌లో వచ్చింది. గ్రబ్‌లో ఎనేబుల్ ఎంటీఆర్‌ఆర్ క్లీనప్ అని, స్పేర్ రెజ్ సంఖ్య 1 అని పెట్టి చూడు. సరైన లెక్క దొరక్కపోతే కెర్నెల్ ఒక పెద్ద పట్టిక ముద్రిస్తుంది. గ్రాన్ సైజు, చంక్ సైజు, ఎన్ని రాళ్లు, ఎంత ర్యామ్ పోతుంది అని ఒక్కో లైను. బ్యాడ్ అని నక్షత్రాలు పెట్టిన లైన్ల జోలికి పోవద్దు. పోయే ర్యామ్ సున్నా ఉన్న లైన్లలో తక్కువ రాళ్లది ఎంచుకుని, ఆ గ్రాన్, చంక్ సైజులు గ్రబ్‌లో రాయి. కాస్త ఓపిక ఉండాలి, అంతే. ఇప్పటి డ్రైవర్లకు ఈ గొడవ లేదు, కింద ఒంగోలు అబ్బాయికి చెప్పిన ప్యాట్‌తో పని కానిచ్చుకుంటాయి. కాబట్టి ముహూర్తాల సీజన్ అయ్యాక వేరే సిస్టం కొనుక్కునే ఆలోచన ఉంటే, ఈ పట్టికతో కుస్తీ పట్టడం కన్నా అదే మేలు.

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఒక పాత సర్వర్ ఉంది. బూట్‌లో మీ సీపీయూల ఎంటీఆర్‌ఆర్ సెట్టింగ్స్ ఒకేలా లేవు, బయోస్ అన్ని సీపీయూలనూ సెట్ చేయలేదేమో, సరిచేశాం అని మూడు లైన్లు వస్తున్నాయి. ఓనరు గారు టెన్షన్ పడుతున్నారు. ఏమన్నా అవుతుందా?

జవాబు: మీ ఓనరు గారిని పడుకోమనండి. మూడో లైన్లో సరిచేశాం అని ఉంది కదా, సరిచేసింది.

అయితే ఊరికే కొట్టిపారేసే విషయం కాదు. ప్రతి కోర్‌కూ సొంత ఎంటీఆర్‌ఆర్‌లుంటాయి, అన్నిట్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఒక కోర్ ఆ చోటును క్యాష్ చేసుకుని తన దగ్గర మార్చుకుంటూ ఉంటే, ఇంకో కోర్ క్యాష్ సంగతే తెలియనట్టు నేరుగా ర్యామ్‌లో పాత విలువ చదవొచ్చు. స్లాబుల లెక్క ఒక గుమాస్తా దగ్గర 40, ఇంకొకాయన దగ్గర 36 అయినట్టు. అందుకే కెర్నెల్ వీటిని మార్చేటప్పుడు అన్ని కోర్లనూ ఒకచోట ఆపుతుంది. ఇంటరప్టులు మూసి, క్యాష్ ఆపి, అందులో ఉన్నదంతా ర్యామ్‌లోకి దులిపి, అప్పుడు కొత్త విలువలు రాసి, మళ్లీ క్యాష్ తెరిచి వదులుతుంది. ఇదంతా మీరు కన్ను మూసి తెరిచేలోపే. మీకు వీలైనప్పుడు బయోస్ అప్‌డేట్ చూడండి. అంతకన్నా ముందు క్యాబినెట్ తెరిచి ఆ గ్రానైట్ దుమ్ము దులపండి. మీ సర్వర్‌ను చంపేది ఏదన్నా ఉంటే అదే.

ప్రశ్న: ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో బూట్ మెసేజుల్లో ప్యాట్ కాన్ఫిగరేషన్ సున్నా నుంచి ఏడు అని డబ్ల్యూబీ, డబ్ల్యూసీ, యూసీ మైనస్, యూసీ, డబ్ల్యూబీ, డబ్ల్యూపీ, యూసీ మైనస్, డబ్ల్యూటీ అని ఒక లైన్ ఉంది. వర్చువల్ మెషిన్‌లో అదే లినక్స్ పెడితే ఎంటీఆర్‌ఆర్‌లు ఆపేసి ఉన్నాయి, ప్యాట్ మొదలుపెట్టడం కూడా వదిలేస్తున్నాం అంటోంది. ఏది తప్పు?

జవాబు: ఏదీ తప్పు కాదు నాయనా. ప్యాట్ అంటే పేజ్ అట్రిబ్యూట్ టేబుల్, ఎనిమిది గదుల చిన్న పెట్టె. పెంటియం 3తో వచ్చింది. డబ్ల్యూబీ అంటే రైట్ బ్యాక్, డబ్ల్యూసీ రైట్ కంబైనింగ్, యూసీ అన్‌క్యాషబుల్, డబ్ల్యూటీ రైట్ త్రూ, డబ్ల్యూపీ రైట్ ప్రొటెక్ట్. ఎంటీఆర్‌ఆర్ పొలం మొత్తానికి హద్దులు వేస్తే, ఇది 4 కేబీ మడి మడికీ చీటీ పెడుతుంది. పేజీ టేబుల్ ఎంట్రీలో మూడు బిట్లు కలిసి ఎనిమిది గదుల్లో ఒకదాన్ని చూపిస్తాయి. కరెంటు వేయగానే పెట్టెలో ఉండే వరస వేరు: డబ్ల్యూబీ, డబ్ల్యూటీ, యూసీ మైనస్, యూసీ, మళ్లీ అవే నాలుగు. నీ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూసీ, డబ్ల్యూపీ కనబడుతున్నాయంటే కెర్నెల్ తన వరస తాను నింపుకుందన్నమాట. యూసీ మైనస్‌లో ఆ మైనస్ ఏమిటని పరీక్షలో అడిగితే ఇలా రాయి: మామూలు యూసీ ఎవరి మాటా వినదు, యూసీ మైనస్ మాత్రం ఎంటీఆర్‌ఆర్ రైట్ కంబైనింగ్ అంటే తలొగ్గుతుంది.

వర్చువల్ మెషిన్‌లో అసలు ర్యామ్ హోస్ట్, అంటే బయటి అసలు సిస్టం, చేతిలో ఉంది, దానికి ఏ రకమో హోస్టే చూసుకుంటుంది. లోపలివాడికి ఆ రిజిస్టర్లు చూపించకపోయినా పని నడుస్తుంది. నీ ప్రాజెక్టు గ్రాఫిక్స్ కార్డును నేరుగా లోపలికి ఇచ్చే రకం అయితే మళ్లీ రాయి, అది వేరే కథ.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి. 32 బిట్ విండోస్‌లో 4 జీబీ పెడితే 3.25 జీబీనే చూపిస్తోంది. పై జబ్బేనా?

జవాబు: కాదమ్మా. ఆ 768 ఎంబీ ఖాళీ ఇక్కడా కారణమే, కానీ క్యాష్‌తో సంబంధం లేదు. ఇళ్లలో వాడే 32 బిట్ విండోస్ 4 జీబీ గీత దాటి పైన పెట్టిన ర్యామ్‌ను వాడుకోదు. 64 బిట్ వేయించండి.

ప్రశ్న: బూట్ మెసేజులు చూడాలంటే గ్రబ్‌లో క్వయట్ తీసేయాలా? (కోవూరు)

జవాబు: అక్కర్లేదు. లేచాక టెర్మినల్‌లో డీమెసేజ్ కొట్టి, ఎంటీఆర్‌ఆర్ అనే మాట కోసం గ్రెప్ చేయండి. లేవకుండా మధ్యలో ఆగిపోతుంటేనే క్వయట్ తీయండి.

ప్రశ్న: అన్నా, బుచ్చిరెడ్డిపాళెం నుంచి రాస్తున్నా. ప్రతి నెలా అందరి తప్పులూ చెబుతావు. నువ్వెప్పుడూ పొరపాటు పడలేదా?

జవాబు: అడిగావు కాబట్టి చెబుతా. 2009 ఎండాకాలం. ట్రంకు రోడ్డు పక్క సందులో నా షాపు, పైన రేకులు, లోపల ఒక టేబుల్ ఫ్యాను. ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రొయ్యల మేత డీలరు సిస్టం తెచ్చాడు. 4 జీబీ ర్యామ్. అందులో విండోస్ ఎక్స్‌పీ ఒకవైపు, 64 బిట్ లినక్స్ ఇంకోవైపు. లినక్స్ నేనే వేశాను, 2007 నాటి సీడీతో. ఎక్స్‌పీ గుర్రంలా పోతోంది, లినక్స్ ఎద్దుబండి. అబ్బయ్యా, నువ్వేసిందే ఎందుకిట్టా ఏడుస్తా ఉండాది అన్నాడు. నాకు సిగ్గేసింది.

ర్యామ్ మార్చాను. అదే నడక. నాకు ర్యామ్ అమ్మే డీలరు దగ్గర ఇంకో కంపెనీ స్టిక్కు తెచ్చి పెట్టాను. అదే నడక. మూడోసారి వెళ్లి, డూప్లికేటు సరుకు అంటగడుతున్నావని ఆ ర్యామ్ డీలరు మీద నలుగురిలో అరిచాను. ఆయన ఏమీ అనకుండా నాలుగో స్టిక్కు చేతిలో పెట్టాడు. అదీ అంతే. రాత్రి పది దాటాక విసుగొచ్చి ఒక స్టిక్కు పీకి పక్కన పెట్టి, మిగిలిన 2 జీబీతోనే ఆన్ చేశాను. నిమిషం లోపు లేచి కూర్చుంది.

అప్పుడు వెలిగింది. 32 బిట్ ఎక్స్‌పీ 4 జీబీ గీత పైనున్న ర్యామ్‌ను చూడనే చూడదు, అందుకే దానికి ఏ నొప్పీ లేదు. లినక్స్ అక్కడికి పోయి తన పుస్తకం పెట్టుకుంది. ఆ చోట బయోస్ రాయి పాతలేదు. నా సీడీలో ఉన్నది 2.6.25 కన్నా పాత కెర్నెల్, కోయడం దానికి తెలియదు. మెమ్ ఆప్షన్‌తో పైభాగం వదిలేయమని చెప్పి సిస్టం ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున ఆ ర్యామ్ డీలరు షాపు షట్టర్ తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. ఆయన వచ్చి, ఈసారి ఎన్ని స్టిక్కులు కావాలి అన్నాడు.